ఎదుటివారి కళ్ళలో మన లైటు

రోగిని రాత్రివేళ ఆసుపత్రికి తీసుకువచ్చేవారు, రోగిని చూసుకొని పొద్దుపోయాక ఇల్లు చేరేవారు మీలో చాలామంది ఉంటారు. కాబట్టి ఈ సంగతి మీరు తెలుసుకోవాలి.

కంటికి ఏమవుతుంది?

చీకటిలో కంటిపాప పెద్దదవుతుంది. తీవ్రమైన వెలుగు పడగానే చప్పున ముడుచుకుంటుంది. ఆ వెలుగు దాటిపోయినా చూపు వెంటనే కుదుటపడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి 3 సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లలో నడిచివెళ్ళే మనిషి, ఎడ్లబండి, ఆగివున్న లారీ ఉండవచ్చు. వయసు మళ్ళినవారికి, శుక్లాలు ఉన్నవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

నిబంధన ఏమిటి?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వ నిబంధన ప్రకారం ముందు లైటు వెలుగు కిందికి వంగి ఉండాలి. లైటుకు 8 మీటర్ల దూరంలో, కుడివైపు అర మీటరు పక్కగా, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలపకూడదు. 111వ నిబంధన ప్రకారం, ప్రత్యేక పరిస్థితులలో రిజిస్ట్రేషన్ అధికారి ముందుగా అనుమతిస్తే తప్ప, బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు బిగించరాదు.

“రోగి ఉన్నాడు, తొందరలో ఉన్నాం” అని కొందరు డిమ్ చేయరు. ఎదుటి డ్రైవరుకు చూపు ఆనకపోతే అతని బండి వచ్చేది మీ రోగి మీదికే!

మీరు చేయవలసినవి

1. ఎదురుగా బండి వస్తున్నా, ముందు మరో బండి పోతున్నా లైటు డిమ్ చేయండి.

2. ఎదుటివారు డిమ్ చేయకపోతే పోటీకి పోకండి. వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచు చూస్తూ నడపండి.

3. ట్రాక్టరు వెనుక పొలం పనికి పెట్టిన తెల్ల లైటును రోడ్డెక్కక ముందే ఆర్పండి.

4. ముందు అద్దం, లైటు అద్దం శుభ్రంగా తుడవండి. మురికి అద్దం మీద వెలుగు చెదిరి దారి కనబడదు.

5. కంటి పరీక్షకు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసిన రోజు బండి నడపకండి.

6. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడినా, రాత్రి చూపు తగ్గినా కంటి డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవారు ఏటా కళ్ళు పరీక్ష చేయించుకోవాలి.

చదునైన నేల మీద, గోడకు 8 మీటర్ల దూరంలో బండి నిలిపి డిమ్ లైటు వేయండి. వెనుక మనిషిని కూర్చోబెట్టి కూడా చూడండి. బరువుకు ముందు భాగం లేస్తుంది. గోడపై వెలుగు హెడ్‌లైటు ఎత్తును మించితే మెకానిక్‌తో కిందికి దించించండి. పని చిన్నదే, కానీ దానితో ఒక ప్రాణం నిలవవచ్చు.