పెద్దప్రేగు క్యాన్సరు: శస్త్రచికిత్స పిమ్మట రక్తపరీక్షలు

పెద్దప్రేగులోని క్యాన్సరు గడ్డను కోసి తొలగించినంత మాత్రమున వ్యాధి సమూలముగ నశించినదని చెప్ప వీలులేదు. కంటికి కానరాని కణములు దేహమున మిగిలియుండవచ్చును. వానిని నశింపజేయుటకే కీమోథెరపీ అను ఔషధచికిత్స ఏర్పడినది. కాని ఆ మందులవలన వాంతులు, విరేచనములు, కాలుసేతుల తిమ్మిరి కలుగుచుండును. కావున ఈ చికిత్స ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము అనునది ముఖ్యమైన ప్రశ్న.

1965లో కెనడాలోని మాంట్రియల్ నగరమున ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనువారు ఇట్టి గడ్డలయందు సి.ఇ.ఏ. అను పదార్థమును కనుగొనిరి. పొగ త్రాగని ఆరోగ్యవంతుల రక్తమున ఇది సాధారణముగ మిల్లీలీటరునకు 5 నానోగ్రాములను మించదు. శస్త్రచికిత్సకు పూర్వము హెచ్చుగ నున్న అంకె పిమ్మట కొన్ని వారములలో తగ్గవలెను. తగ్గనిచో వైద్యులు మరల శోధింతురు. అయితే పొగత్రాగుట, కాలేయ వ్యాధులు కూడ ఈ అంకెను పెంచును. కొన్ని క్యాన్సరులు దీనిని పెంచనే పెంచవు. కనుక ఈ ఒక్క అంకెను బట్టి కీమోథెరపీ నిర్ణయింపరాదు.

ఇటీవల మరియొక పరీక్ష వచ్చినది. క్యాన్సరు కణముల డి.ఎన్.ఏ. తునుకలు రక్తమున కలియును. వానినే ఇందు వెదకుదురు. ఆస్ట్రేలియాలో రెండవ దశ రోగులు 455 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2022లో వెలువడినవి. వాడుక పద్ధతిని నూటికి 28 మందికి కీమోథెరపీ ఈయగా, ఈ పరీక్ష ననుసరించినపుడు 15 మందికే ఈయవలసి వచ్చెను. అయినను రెండేండ్లలో వ్యాధి తిరుగబెట్టుట హెచ్చలేదు. కాని ఈ పరీక్ష ఖరీదైనది, అంతటను లభింపదు. వ్యాధి రసగ్రంథులకు ప్రాకిన మూడవ దశలో, రక్తము నిర్మలముగ నున్నదని కీమోథెరపీ మానరాదు. చికిత్సను సాధారణముగ ఎనిమిది వారములలోపల ఆరంభింపవలెను.

ఢిల్లీ చెంత ఇందిరాపురము వంటి చోట్ల వసించు తెలుగువారు ఒక విషయము గమనింపవలెను. శస్త్రచికిత్స ఢిల్లీలో జరిగి, విశ్రాంతికై స్వస్థలము చేరినచో, పరీక్షాలయము మారును. పద్ధతి మారిన సి.ఇ.ఏ. అంకెయు మారవచ్చును, దానిని చూచి భీతిల్లరాదు, సంతసింపనురాదు. వీలైనంతవరకు ఒకే పరీక్షాలయమున చేయించుకొనుడు. బయాప్సీ నివేదికను, పూర్వపు అంకెలను తేదీలతో భద్రపరచి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు గాని, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి గాని, ఎచ్చటికి వెళ్ళినను వెంట గొనిపొండు.

చికిత్స ముగిసిన పిమ్మట మొదటి రెండేండ్లు మూడు మొదలు ఆరు మాసముల కొకసారి, అటుపై ఐదేండ్లు నిండువరకు ఆరు మాసముల కొకసారి, వైద్యుని సలహా ననుసరించి సి.ఇ.ఏ. పరీక్ష చేయించుకొనవలెను. అంకె పెరిగినను తరిగినను, వైద్యుని సంప్రదింపక మందు మానకుడు.