పొలానికి వచ్చిన ఈము

సంస్కృతంలో ‘పక్షము’ అంటే రెక్క. రెక్క కలది గనుక పక్షి. మన పురాణాలు పర్వతాలకు సైతం రెక్కలు కల్పించి, పిదప ఇంద్రుని వజ్రాయుధంతో వాటిని ఖండింపజేశాయి. ప్రకృతి కొన్ని పక్షులకు రెక్కలను ఉంచి, ఎగిరే శక్తిని మాత్రం ఉపసంహరించింది. ఆఫ్రికాలోని ఉష్ట్రపక్షి, దక్షిణ అమెరికాలోని రియా, ఆస్ట్రేలియాలోని ఈము ఈ కోవకు చెందినవి. ఎగిరే కండరాలు అంటుకొని ఉండటానికి రొమ్ము ఎముకపై ఉండవలసిన గట్టు వీటికి లేదు. బలమంతా కాళ్లలోనే ఉంది.

ఈము దాదాపు ఆరడుగుల ఎత్తు పెరుగుతుంది. నలభై కిలోల వరకు బరువు తూగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. ఆడపక్షి ముదురు ఆకుపచ్చని గుడ్లు పెట్టి వెళ్లిపోతే, మగపక్షి ఎనిమిది వారాలపాటు ఇంచుమించు నిరాహారంగా వాటిని పొదుగుతుంది. దాంపత్య ధర్మాన్ని వర్ణించిన మన ప్రబంధకవులు ఈ పక్షిని చూసి ఉంటే ఏమని రాసేవారో!

పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఈములు వానను అనుసరించి సంచరిస్తాయి. పిల్లల్ని చేసే కాలం ముగిశాక, ఎండిన లోతట్టు ప్రాంతాలను విడిచి నీటికోసం తీరం వైపు నడుస్తాయి. ఆ దారి మానవుని నాగలికంటె ఎంతో ప్రాచీనమైనది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ప్రభుత్వం అక్కడి భూములను తిరిగివచ్చిన సైనికులకు పంచింది. వారు పొదలు నరికి గోధుమ వేశారు, పశువులకు నీటి చెరువులు తవ్వుకొన్నారు. నడచివచ్చే పక్షికి దారిలో అన్నమూ నీళ్లూ ఒకేచోట అమరినట్లయింది.

1932లో క్యాంపియన్ ప్రాంతపు పొలాలకు సుమారు 20,000 ఈములు వచ్చాయి. అవి పైరును తినడమేకాక తొక్కి పాడుచేశాయి. కుందేళ్ల కోసం కట్టిన కంచెలను ఛేదించాయి. ఆ కంతలలోనుంచి కుందేళ్లు దూరాయి. అప్పటికే ఆర్థికమాంద్యం వల్ల గోధుమ ధర పడిపోయి, వాగ్దానం చేసిన సహాయం అందక ఆ రైతులు క్రుంగి ఉన్నారు. వారి కష్టాన్ని తేలికగా చూడరాదు. అయితే తమను ముంచినవాటిలో కంటికి కనబడినది, చేతికి అందేది ఈము ఒక్కటే. యుద్ధభూమిలో మరతుపాకుల శక్తిని చూసినవారు గనుక వారు రక్షణమంత్రి జార్జి పియర్స్‌ను ఆ తుపాకులే కోరారు.

మేజర్ మెరెడిత్ నాయకత్వంలో ఇద్దరు సైనికులు, రెండు లూయిస్ మరతుపాకులు, 10,000 తూటాలు వచ్చాయి. నవంబరు 2న కాల్పులు మొదలయ్యాయి. పక్షులు చిన్నచిన్న గుంపులుగా చీలి గురికి అందకుండా పోయాయి. ఒక చెరువు దగ్గర వెయ్యికి పైగా పక్షులు సమీపించగా, పన్నెండింటిని చంపేసరికి తుపాకి మొరాయించింది. లారీపై తుపాకి బిగించి తరిమితే, ఎగుడుదిగుడు నేలపై లారీయే వెనుకబడింది. నడుమ ఒకసారి విరమించి, మళ్లీ ప్రారంభించి, డిసెంబరులో సైనికులను వెనుకకు పిలిచారు. మేజరు లెక్క ప్రకారం 986 ఈములు చనిపోయాయి. ఖర్చయిన తూటాలు 9,860. పత్రికలు దీనికి ‘ఈము యుద్ధం’ అని పేరుపెట్టి నవ్వుకొన్నాయి. ఆ పేరు నాకు రుచించదు. యుద్ధానికి రెండు పక్షాలుండాలి. ఇక్కడ రెండవ పక్షానికి తాను యుద్ధంలో ఉన్నట్లే తెలియదు.

తరువాత చంపిన ఈముకింత అని రైతులకు బహుమానం ఇచ్చారు. 1934లో ఆరు నెలలలోనే 57,000కు పైగా బహుమానాలు చెల్లించారు. కాలక్రమంలో పొడవైన కంచెలు పైరును కాపాడాయి. కరవు ఏళ్లలో మాత్రం ఆ కంచెల వెలుపల దప్పికతో వేల పక్షులు ప్రాణాలు విడిచాయి.

ఆస్ట్రేలియాలో తన దారిన తాను నడచివచ్చిన ఈ పక్షి మన దేశానికి మాత్రం వ్యాపారం వెంట వచ్చింది. 1990లలో ఇక్కడ ఈముల పెంపకం మొదలైంది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో నిలిచింది. నూనె, మాంసం, తోలు, ఈకలు అన్నీ ధనమే అని ప్రచారం సాగింది. జత పిల్లలను ఎక్కువ ధరకు అమ్మి, వాటి సంతానాన్ని తామే కొంటామని కొన్ని సంస్థలు నమ్మబలికాయి. పిల్లలను కొత్త పెంపకందారులకు అమ్మినంతకాలం డబ్బు తిరిగింది. మాంసం కొనే అంగడి మాత్రం ఏర్పడలేదు. 2012 నాటికి తమిళనాడులో ఈ వ్యాపారం కుప్పకూలింది. ఇతర రాష్ట్రాలలోనూ పెంపకందారులు చితికిపోయారు. మేత ఖరీదు భరించలేక కొందరు దొడ్డి తలుపు తీసి పక్షులను వదిలిపెట్టారు. అప్పుచేసి కొన్న రైతును నిందించడానికి నాకు నోరు రాదు. కాని ఆ పక్షి బయటికి వచ్చి ఏ దిక్కుకు నడవాలి? దాని పూర్వుల దారి సముద్రాలకు ఆవల ఉన్నది.

 

ఇటువంటి పక్షి మీ ఊరి పొలంలో కనబడితే తరమకండి. బెదిరినది కంచెలకు, ముళ్లకు చీరుకొంటూ పరుగెడుతుంది. మూలకు నెడితే మూడు వేళ్ల కాలితో ముందుకు తన్నుతుంది, ఆ గోళ్లు పదునైనవి. కుక్కలను కట్టివేసి, పిల్లలను దూరంగా ఉంచి, అటవీశాఖకో పశువైద్యునికో కబురుచేయాలి. వారు వచ్చేలోగా గట్టు పక్కన ఒక తొట్టిలో నీళ్లు పెట్టవచ్చు.