కారు తక్కువ తిరిగితే సర్వీస్ వాయిదా వేయొచ్చా? ఓనర్స్ మాన్యువల్‌లోని టేబుల్‌ని ఇలా చదవండి

ఫోన్ కొనేటప్పుడు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి, బ్యాటరీ ఎన్ని చార్జ్ సైకిల్స్ తట్టుకుంటుంది అని పది వీడియోలు చూసి మరీ కొంటాం. అదే లక్షలు పోసి కొన్న కారు విషయానికి వస్తే, గ్లోవ్ బాక్స్‌లోని ఓనర్స్ మాన్యువల్‌కి ప్లాస్టిక్ కవర్ కూడా తీయం. ఆ పుస్తకం చివర్లో ఒక టేబుల్ ఉంటుంది. పైన కిలోమీటర్లు, నెలలు. పక్కన ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్‌లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్. దాని పేరే మెయింటెనెన్స్ షెడ్యూల్. ఈ ఆర్టికల్ ఆ ఒక్క టేబుల్ గురించే. ఎక్కువగా పెట్రోల్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఆఫీసులో నాకు తరచూ వినిపించే మాట ఇది: "ఏడాదిలో 4,500 కిలోమీటర్లే తిరిగింది బ్రో, సర్వీస్ 10,000కి కదా, వచ్చే ఏడు చూద్దాం." వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని అయ్యాక ఈ లెక్క ఇంకా ఎక్కువైంది. కానీ టేబుల్‌లో ఉండేది 10,000 ఒక్కటే కాదు. ఉదాహరణకు మారుతి పెట్రోల్ కార్లు చూడండి. మొదటి ఫ్రీ సర్వీస్ 1,000 కి.మీ. లేదా 1 నెల, రెండోది 5,000 కి.మీ. లేదా 6 నెలలు, మూడోది 10,000 కి.మీ. లేదా 12 నెలలు. ఏది ముందొస్తే అది. మనం కోడ్‌లో రాసే 'ఆర్' కండిషన్ ఇదే. చాలామంది దీన్ని 'అండ్' అని చదువుతున్నారు. రెండూ పూర్తయ్యేదాకా ఆగుతున్నారు.

మీటర్‌లో కనపడని గంటలు

మా ఏరియా బాలానగర్‌నే తీసుకుందాం. 2021 జులైలో ఇక్కడి ఫ్లైఓవర్ తెరిచారు, 2022 జూన్‌లో కైతలాపూర్ ఫ్లైఓవర్ వచ్చింది. మూసాపేట మీదుగా హైటెక్ సిటీకి దారి తేలికైన మాట నిజమే. అయినా సాయంత్రం ఏడింటికి ఆఫీసుల నుంచి అందరూ ఒకేసారి బయటపడితే ఫస్ట్ గేర్, సెకండ్ గేర్, మళ్లీ ఫస్ట్. పది కిలోమీటర్ల చుట్టూ ఉండే దూరానికి నలభై నిమిషాలు పట్టడం ఇక్కడ మామూలే.

అంటే సగటు వేగం గంటకు 15 కి.మీ. ఆ వేగంతో 4,500 కి.మీ. తిరిగిన కారు ఇంజిన్ 300 గంటలు నడిచినట్టు. విజయవాడ హైవే మీద సగటున 60తో 10,000 కి.మీ. తిరిగిన కారు ఇంజిన్ నడిచింది దాదాపు 167 గంటలే. ఓడోమీటర్ ప్రకారం మొదటి కారు సగం కూడా వాడలేదు. గంటల ప్రకారం చూస్తే రెండో కారుకంటే అదే దాదాపు రెట్టింపు పని చేసింది.

సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉన్న గంట, ఘాట్ ఎక్కే గంట ఒకటి కావు. ఐడిల్‌లో ఇంజిన్ మీద లోడ్ తక్కువ. కాబట్టి 300 గంటలకి 300 గంటల అరుగుదల అని నేను అనను. కానీ ఆ గంటలన్నీ ఆయిల్ వేడిలోనే ఉంటుంది, ఏసీ కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, ఎయిర్ ఫిల్టర్ ముందున్న లారీ పొగనే పీలుస్తూ ఉంటుంది. బాలానగర్‌లో షెడ్డు నడిపే ఒక మెకానిక్ అన్న దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు: "మీటర్ల ఎంతుందో కాదు తమ్మీ, బండి ఎంతసేపు స్టార్ట్‌ల ఉన్నదో చూడాలె." మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ ప్యానెల్ ఒకసారి చూడండి, దానికి గంటల మీటర్ ఉంటుంది. ట్రాక్టర్‌కీ అంతే. వాటి ఆయిల్ మార్పు లెక్క గంటల్లోనే. కారుకి మాత్రం మనం దూరం ఒక్కటే చూస్తున్నాం.

ఇంకో రకం వాడకం ఉంది. రైతుబజార్‌కి రెండు కిలోమీటర్లు, పిల్లల్ని స్కూల్ దగ్గర దింపడానికి ఒకటిన్నర. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా అది చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. చల్లని ఇంజిన్‌లో పూర్తిగా మండని పెట్రోల్ కొంత, ఆవిరి నుంచి వచ్చిన నీరు కొంత ఆయిల్‌లోకి దిగుతాయి. లాంగ్ డ్రైవ్‌కి వెళ్తే అవి చాలావరకు ఆవిరైపోతాయి. వెళ్లకపోతే అక్కడే ఉంటాయి. చలిదేశాల్లో ఇది పెద్ద సమస్య, హైదరాబాద్ వాతావరణంలో అంత కాదు. అయినా 12 నెలల నిబంధన పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

టేబుల్ కింద చిన్న అక్షరాలు

చాలా మాన్యువల్స్‌లో మామూలు షెడ్యూల్ తర్వాత 'సివియర్ కండిషన్స్' అని ఇంకో భాగం ఉంటుంది. ఎడారిలో తిరిగే వాళ్ల కోసం అనుకుని వదిలేస్తాం. అందులో ఏం రాస్తారో చదవండి: దుమ్ము రోడ్లు, పదే పదే చిన్న ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచడం, ఎండలో ఆగి ఆగి కదిలే ట్రాఫిక్. ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు, రోడ్డు పనులు ఉన్న బాలానగర్ నుంచి ఐటీ కారిడార్‌కి రోజూ వెళ్లొచ్చే కారు ఇందులో కనీసం మూడింటికి సరిపోతుంది.

అలాగని ప్రతి ఐటమ్‌నీ సగం గడువులోనే మార్చేయాలని కాదు. ఆ భాగంలో ఏ వరుసలు ఉన్నాయో అవే. సాధారణంగా ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కొన్నిసార్లు స్పార్క్ ప్లగ్‌లు ఉంటాయి. క్యాబిన్ ఫిల్టర్ మాత్రం మీరే చూసుకోవచ్చు. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ పక్కల నొక్కి కిందికి దించితే వెనక ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఏసీ గాలి తగ్గిందని గ్యాస్ నింపించుకునే ముందు ఒకసారి ఆ ఫిల్టర్ బయటికి తీసి చూడండి.

ఆయిల్ గ్రేడ్ గురించి కూడా ఒక మాట. 5డబ్ల్యూ-30లో 'డబ్ల్యూ' అంటే వింటర్. ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో, వెనక అంకె వేడి మీద ఎంత చిక్కగా ఉంటుందో చెబుతాయి. "మన ఎండలకి చిక్కటి ఆయిల్ పోయించు" అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త పెట్రోల్ ఇంజిన్లలో కొన్నిటికి కంపెనీయే 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పల్చటివి చెబుతోంది. ఆ ఇంజిన్ లోపలి సందులు, వాల్వ్ టైమింగ్ సిస్టమ్ ఆ చిక్కదనానికి తగ్గట్టే డిజైన్ అయి ఉంటాయి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయించండి, డబ్బా మీద అదే ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

ఓబీడీ డాంగిల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గ్యాడ్జెట్ ప్రియులం కాబట్టి ఇది లేకుండా ఆర్టికల్ పూర్తి కాదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్ట్ ఉంటుంది. అందులో ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్ వేసుకుంటే ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజ్ లైవ్‌లో కనిపిస్తాయి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే కోడ్ చదవచ్చు. పీ0300 అంటే మిస్‌ఫైర్, పీ0171 అంటే ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అయిన మిశ్రమం, పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు తగ్గింది అని. కోడ్ లక్షణం చెబుతుందే తప్ప ఏ పార్ట్ మార్చాలో చెప్పదు. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి ఎంతసేపు నడిచిందో కూడా చాలా కార్లు ఇస్తాయి. దాన్ని ఒక వారం లాగ్ చేస్తే పైన చెప్పిన గంటల లెక్క మీ కారుకి ఎంతో తెలిసిపోతుంది. నాకు ఈ డాంగిల్‌లో బాగా పనికొచ్చే ఫీచర్ ఇదే.

కానీ బ్రేక్ ప్యాడ్ ఎంత మందం మిగిలిందో, ఆయిల్ ఎంత పాడైందో డాంగిల్‌కి తెలియదు. కొన్ని కార్లలో డాష్‌బోర్డ్ మీదే 'ఆయిల్ లైఫ్' శాతం వస్తుంది కదా అంటారు. జనరల్ మోటార్స్ తెచ్చిన ఆ పద్ధతిలో ఆయిల్‌ని పరీక్షించే సెన్సర్ లేదు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అని సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ లాగా అదీ ఒక అంచనా. ఇంకోటి, పని అయ్యాక డాంగిల్ తీసేయండి. వారం రోజులు పార్కింగ్‌లో ఉండే కారు బ్యాటరీని అది కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. పార్కింగ్ మోడ్‌లో ఉన్న డాష్‌క్యామ్ అయితే ఇంకా ఎక్కువ.

బ్రేక్ ఫ్లూయిడ్: మనం మర్చిపోయే వరుస

టేబుల్ మొత్తంలో ఒకే ఒక వరుస గుర్తుపెట్టుకోమంటే నేను దీన్నే చెబుతాను. ఆయిల్ ఆలస్యమైతే పోయేది డబ్బు. ఇక్కడ పోయేది అది కాదు.

బ్రేక్ పెడల్ తొక్కినప్పుడు మీ కాలి బలాన్ని చక్రాల దాకా మోసేది ఈ ద్రవమే. దీనికి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. కారు తిరిగినా తిరగకపోయినా పీలుస్తుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు అన్నది ప్రమాణం. అదే 3.7 శాతం దాకా నీరు చేరితే ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. సిటీలో ఈ తేడా మీకు తెలియనే తెలియదు. బ్రేకులు బాగానే పడుతుంటాయి. వీకెండ్‌కి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాన్లతో శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. వంపు వంపుకీ బ్రేక్ మీద కాలు పెడుతుంటే డిస్కుల వేడి ఫ్లూయిడ్‌కి చేరుతుంది. అందులోని నీరు ఆవిరై బుడగలవుతుంది. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. పెడల్ మెత్తగా లోపలికి వెళ్తుంది, కారు ఆగదు.

చాలా మాన్యువల్స్‌లో దీని గడువు రెండేళ్ల దగ్గర ఉంటుంది. మీ కారుకి ఎంతో చూడండి. "లెవెల్ బాగానే ఉంది సార్" అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు, లెవెల్ వేరు, వయసు వేరు. పెన్ను ఆకారంలో ఉండే టెస్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి ద్రవం విద్యుత్ ప్రసరణను బట్టి తేమని అంచనా వేస్తాయి. రెడ్ లైట్ వస్తే మార్చేయండి, గ్రీన్ వచ్చిందని మాత్రం గడువు పొడిగించకండి. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు "మాకు సర్వీస్ ఏముంది" అనుకుంటారు కానీ, వాటిల్లోనూ బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, క్యాబిన్ ఫిల్టర్ ఉన్నాయి.

ఎస్టిమేట్ చేతికొచ్చినప్పుడు

టేబుల్ చదవడం వల్ల ఖర్చు పెరుగుతుందేమో అని మీకు అనుమానం రావచ్చు. నా కొలీగ్ ఒకరికి ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్‌లో ఇంజిన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ ఉన్నాయి. రెండున్నరేళ్ల కారుకి బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం లేదు. మాన్యువల్ పేజీ ఫొటో చూపించి "ఇందులో ఉన్నవి చేయండి, లేనివి తీసేయండి" అని అడిగితే బిల్లు దాదాపు మూడో వంతు తగ్గింది. గొడవ కూడా ఏమీ కాలేదు. సర్వీస్ అడ్వైజర్‌కి టార్గెట్లు ఉంటాయి, మనకి టేబుల్ ఉంది. వారంటీలో ఉన్నన్నాళ్లు ప్రతి సర్వీస్ బిల్లూ దాచండి. రేపు క్లెయిమ్‌కి వెళ్తే మొదట అడిగేది సర్వీస్ హిస్టరీనే.

ఇక రిమైండర్లు. కార్ మెయింటెనెన్స్ యాప్‌లు చాలానే ఉన్నాయి కానీ నాకు ఒక షీట్, ఫోన్ క్యాలెండర్ సరిపోయాయి. షీట్‌లో ఐటమ్, మార్చిన తేదీ, అప్పటి రీడింగ్, మళ్లీ ఎప్పుడు అన్నదానికి రెండు కాలమ్స్: ఒకటి తేదీ, ఇంకోటి కిలోమీటర్లు. బిల్లు ఫొటో అదే ఫోల్డర్‌లో. టైర్ల తయారీ తేదీ కూడా ఇందులోనే రాసుకోండి. టైర్ పక్క గోడ మీద 'డాట్' అక్షరాలున్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం అని అర్థం. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, 1.6 మి.మీ. గుర్తు అవే. ట్రెడ్ వాటి ఎత్తుకి అరిగితే తేదీతో పని లేదు, టైర్ మార్చాల్సిందే.

తేదీ కాలమ్‌కి క్యాలెండర్‌లో అలర్ట్ పెట్టడం సులువే. కిలోమీటర్లకి అలా కుదరదు కాబట్టి ప్రతి నెలా ఒకటో తారీఖున ఓడోమీటర్ ఫొటో తీసి షీట్‌లో రీడింగ్ ఎక్కిస్తాను. రెండు కాలమ్స్‌లో ఏది ముందు దగ్గరపడితే ఆ సెల్ ఎర్రగా మారేలా ఒక ఫార్ములా పెట్టాను. ఇంట్లోనే ఉండిపోయే నెలల్లో ఎర్రబడేది ఎప్పుడూ తేదీ కాలమే.