తలకు దెబ్బ తగిలితే...

1998 ఫిబ్రవరిలో ఢాకా నగరంలో క్లబ్బుల మధ్య క్రికెట్ మ్యాచ్ జరుగుతోంది. మన దేశపు ఆటగాడు రమన్ లాంబా హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు అతి సమీపాన ఫీల్డింగ్ చేస్తున్నాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి నేరుగా వచ్చి అతని తలకు తగిలింది. లాంబా కింద పడ్డాడు. కాని కాసేపటికి లేచి, నడుచుకుంటూనే మైదానం దాటి వెళ్ళాడు. ఆ తరువాత స్పృహ తప్పింది. శస్త్రచికిత్స చేసినా ఫలితం లేకపోయింది. మూడు రోజులకు, 38 ఏళ్ళ వయసులో అతను మరణించాడు.

లేచి నడిచిన మనిషికి ఇలా ఎందుకు జరిగింది? ఇది తెలియాలంటే తల లోపలి ఏర్పాటు తెలియాలి.

పెట్టెలో తేలే మెదడు

పెద్దవారి మెదడు బరువు దాదాపు 1,400 గ్రాములు. అది చాలా మెత్తనిది. దాని చుట్టూ వరాశిక, లౌతికళ, మృద్వి అనే మూడు పొరలున్నాయని మీరు చదువుకున్నారు. లోపలి రెండు పొరల మధ్య మస్తిష్కమేరు ద్రవం ఉంటుంది. ఆర్కిమెడిస్ సూత్రం జ్ఞాపకముందా? ద్రవంలో తేలుతున్నందువల్ల మెదడు బరువు 50 గ్రాములంతగానే అనిపిస్తుంది. వీటన్నిటికీ పైన పుర్రె అనే గట్టి పెట్టె ఉంది.

చేసి చూడండి: మూత గట్టిగా పట్టే ఒక ప్లాస్టిక్ డబ్బాలో పచ్చి కోడిగుడ్డు ఉంచి కొద్దిగా కుదపండి. గుడ్డు పగులుతుంది. మరో గుడ్డు ఉంచి, గాలి లేకుండా నిండా నీరు పోసి అంతే కుదపండి. ఈసారి గుడ్డు నిలుస్తుంది. అయితే డబ్బాను బలంగా నేలకు కొడితే నీరు కూడా దాన్ని కాపాడలేదు. మన మెదడు సంగతీ అంతే.

లోపల ఏం జరుగుతుంది?

వేగంగా పోతున్న తల హఠాత్తుగా ఆగితే, జడత్వం వల్ల మెదడు ముందుకు పోయి పుర్రెను తాకుతుంది. వెనక్కి వచ్చి అవతలి వైపునా తాకవచ్చు. అందుకే ఒక్కోసారి దెబ్బ నుదుటికి తగిలితే గాయం మెదడు వెనుక భాగంలో ఉంటుంది. పైకి చిన్న గీత కూడా కనిపించకపోవచ్చు.

కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలి వైపునే ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే రక్తం పుర్రెకూ వరాశికకూ మధ్య చేరుతుంది. పుర్రె సాగదు కదా! చేరిన రక్తం మెదడును నొక్కుతుంది. ఈ లోపల కొన్ని గంటలపాటు మనిషి బాగానే మాట్లాడవచ్చు. "ఏమీ కాలేదు" అని మనం మోసపోయేది ఇక్కడే.

ప్రమాద సూచనలు

1. కొద్దిసేపైనా స్పృహ తప్పడం.
2. పదేపదే వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి.
3. లేపినా సరిగా లేవని మగత.
4. అడిగిందే మళ్ళీ అడగడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, మాట తడబడడం.
5. ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉండడం.
6. కాలో చెయ్యో పట్టు తప్పడం, ఫిట్స్ రావడం.
7. ముక్కు లేదా చెవి నుండి రక్తం గాని, నీరు వంటి ద్రవం గాని కారడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ సి.టి. స్కాన్ తీస్తే లోపల చేరిన రక్తం కనిపిస్తుంది. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడును ఇలా పరీక్షించారు. అంతకుముందు పుర్రె తెరవకుండా రక్తం ఎక్కడుందో చూడడం చాలా కష్టంగా ఉండేది. సకాలంలో ఆ రక్తాన్ని తొలగిస్తే పూర్తిగా కోలుకునేవారు ఎందరో ఉన్నారు.

అంబులెన్స్ వచ్చేలోగా

పడినవారిని లేపి కూర్చోబెట్టకండి. మెడకు కూడా దెబ్బ తగిలి ఉండవచ్చు గనుక తల, మెడ కదలకుండా పట్టుకోండి. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్లు నలుగురూ కలిసి పక్కకు తిప్పండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ అదమండి. ఎముక లోపలికి దిగినట్లుంటే మాత్రం నొక్కకండి. చెవిలో దూది కుక్కకండి. మంచినీళ్ళు, సోడా, కాఫీ ఏవీ తాగించకండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల లాభం లేదు. నోట్లో ఏదీ పెట్టకూడదు. రోడ్డు ప్రమాదమైతే, సాయం చేసినవారికి 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ రక్షణ ఇస్తుంది. కనుక పెద్దలు వెనుకాడనక్కరలేదు.

ఏ సూచనా లేకపోయినా ఆ రోజూ, ఆ రాత్రీ ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. డాక్టరు సరేననేవరకు ఆటలు వద్దు. మొదటి గాయం మానకముందే రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం.

చివరగా ఒక మాట. చెట్టెక్కి పడ్డా, గాలిపటం ఎగరేస్తూ మేడ మీది నుంచి జారినా, తిడతారనే భయంతో ఇంట్లో చెప్పకుండా దాచే పిల్లలున్నారు. తిట్లు సాయంత్రానికి మరచిపోతాం. దాచిన దెబ్బ సాయంత్రానికి ముదరవచ్చు. మీకు తగిలినా, మీ స్నేహితుడికి తగిలినా, వెంటనే పెద్దవాళ్ళతో చెప్పండి.

ఆలోచించండి: హెల్మెట్ లోపల థర్మోకోల్ వంటి మెత్తని పొర ఎందుకు? తల ఆగే దూరం అయిదు రెట్లు పెరిగితే, దాన్ని తాకే సగటు బలం ఎన్నో వంతు అవుతుంది?