మాటల వరుస

చిత్తూరుకు సమీపంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకంలో, వరసిద్ధి వినాయకుని సన్నిధిలో పసిపిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వేలు పట్టి, పళ్లెంలోని బియ్యంపై తొలి అక్షరం దిద్దిస్తారు. రెండు మూడు సంవత్సరాలు గడిచేసరికి ఆ బిడ్డ వర్ణమాలను గుక్క తిప్పుకోకుండా అప్పగిస్తాడు. ఇరుగుపొరుగువారు మెచ్చుకుంటారు. అయితే అదే బిడ్డ చేతికి నిఘంటువు ఇచ్చి ‘కాణి’ అనే మాటను వెదకమంటే మొదటి పుట నుండి ఒక్కొక్కటిగా తిప్పడం ఆరంభిస్తాడు. వర్ణమాల కంఠస్థం కావడం వేరు; దానిని పనిముట్టుగా వాడుకోవడం వేరు.

పూర్వం మన దేశంలో నిఘంటువు చూచి తెలుసుకొనే పుస్తకం కాదు, ధారణ చేసే గ్రంథం. అమరకోశంలో పదాలు స్వర్గం, కాలం, భూమి, పురం మొదలైన వర్గాలుగా శ్లోకాలలో కూర్చబడి ఉంటాయి. వల్లించినవానికి అది నాలుకపై ఉంటుంది. వల్లించనివాడు ఒక పదం కావలసివస్తే గురువు దగ్గరకు వెళ్లవలసిందే. తెలుగులో ఈ స్థితిని మార్చినవారిలో ముందుగా చెప్పవలసినవాడు మచిలీపట్నానికి చెందిన వర్తకుడు మామిడి వెంకయ్య. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ఆయన ‘ఆంధ్రదీపిక’లో పదాలను అకారాదిగా కూర్చాడు. తరువాత సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ 1885లోను వెలువడ్డాయి. వరుస తెలిసిన ప్రతివానికి మాట అందుబాటులోకి వచ్చింది. కాని ఆ వరుసను ఎవరో ఒకరు నేర్పాలి. లండనులో 1604లో రాబర్ట్ కాడ్రీ అకారాది క్రమంలో ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించినప్పుడు, ఏ అక్షరంతో మొదలయ్యే మాటను పుస్తకంలో ఏ భాగంలో వెదకాలో పీఠికలో పెద్దవారికే వివరించవలసివచ్చింది!

ఇంగ్లీషులో ఇరవైయారు అక్షరాలు ఒకదాని ప్రక్కన ఒకటి నిలుస్తాయి. తెలుగులో అచ్చు హల్లుపైకి ఎక్కి గుణింతమవుతుంది. ఒక హల్లు క్రింద మరొకటి ఒత్తుగా చేరుతుంది. కనుక తెలుగు పిల్లవాడు కంటికి కనిపించే అక్షరాన్ని కాక, అందులోని ధ్వనులను వరుసగా లెక్కించుకోవాలి. కాకి, కిటికీ, కుండ – వీటితో చిక్కు లేదు. గుణింతం వచ్చినవాడు ఇట్టే అమర్చగలడు.

అసలు చిక్కు సున్నతో వస్తుంది. గుణింతంలో ‘కౌ, కం, కః’ అని చివర చదివిన అలవాటుచేత పిల్లలు ‘కంచం’ను ‘కౌలు’ తరువాత పెడతారు. ‘అంగడి’ని ‘ఔషధం’ తరువాతకు నెడతారు. వారి తర్కంలో దోషం లేదు. మనం నేర్పిన వరుసనే వారు పాటించారు. నిఘంటువులో మాత్రం ‘కంచం’ ‘కడవ’ కంటె ముందే ఉంటుంది. కారణం ఏమిటి? ‘కం’లోని అచ్చు అకారమే. కాబట్టి అది ‘క’తో మొదలయ్యే పదాలలో చేరుతుంది. ఆ అకారం తరువాత వచ్చే ధ్వని సున్న. వర్ణమాలలో సున్నకు స్థానం అచ్చుల వెనుక, హల్లుల ముందు. అందుచేత ‘కంచం’ ముందు, ‘కడవ’ వెనుక. ఈ సంగతిని సూత్రంగా చెబితే ఆరేళ్లవానికి ఎక్కదు. మాటలను చీటీలపై వ్రాసి, నేలపై పరచి, అటూ ఇటూ జరిపించాలి.

‘క్ష’ మరొక చిక్కు. గోడపై వేలాడే పటంలో అది చివరి వరుసలో ఉంటుంది. నిఘంటువులో ‘క్షేత్రం’ కకారంలోనే, ‘కౌలు’ దాటిన తరువాత కనిపిస్తుంది. ఎందుకంటే అది కకారం క్రింద షకారం చేరిన సంయుక్తాక్షరం.

ఈ అభ్యాసానికి తెలిసిన ఊళ్ల పేర్లు ఉత్తమం. చిత్తూరు, పెనుమూరు, కుప్పం, పూతలపట్టు, చంద్రగిరి, ఐరాల, పలమనేరు, కాణిపాకం – ఈ ఎనిమిది చీటీలు ఇస్తే ‘ఐరాల’ వెంటనే ముందుకు వస్తుంది. ‘కాణిపాకం’, ‘కుప్పం’ దాని వెనుక చేరతాయి. తగవు ‘చంద్రగిరి’, ‘చిత్తూరు’ల దగ్గర పుడుతుంది. ఆ తగవును పిల్లలనే తేల్చుకోనివ్వాలి. ఉపాధ్యాయుడు తొందరపడి చీటీని తానే జరిపితే ఆ పూట పాఠం వృథా.

వరుస వచ్చినంత మాత్రాన ప్రతి మాటా దొరకదు. చిత్తూరు సీమ పిల్లవాడు ఇంట్లో ‘చెనక్కాయ’ అంటాడు. కొన్ని ఇళ్లలో అది ‘శెనక్కాయ’. ఒకడు చకారంలో వెదకుతాడు, మరొకడు శకారంలో. పుస్తకంలోనేమో ‘వేరుశనగ’ అని ఉంటుంది. వెదకి వెదకి అలసిన పిల్లవాడు తన ఇంటి మాట మాటే కాదనుకొనే ప్రమాదం ఉన్నది. అప్పుడు ఉపాధ్యాయుడు ఆ మూడు మాటలనూ మూడు చీటీలపై వ్రాయించి, చకారంలో ఒకటి, వకారంలో ఒకటి, శకారంలో ఒకటి పెట్టించాలి.