కంప్యూటరు క్యాబినెట్టులో గాలి, వెలుగు, తీగల అమరిక

యంత్రమేదైనను తాను గ్రహించిన శక్తిలో కొంత భాగమును ఉష్ణముగా మార్చక మానదు. బోరుబావి మోటారు తన శక్తిలో కొంత భాగమును నీటిని పైకి తోడుటకు వినియోగించును, మిగిలినది వేడియగును. కంప్యూటరు ఏ బరువును ఎత్తదు, ఏ నీటిని తోడదు. కనుక అది పుచ్చుకొను విద్యుత్తు దాదాపు అంతయు చివరకు వేడిగనే మారును. 200 వాట్లు వినియోగించు కంప్యూటరు, వేడి విషయమున 200 వాట్ల హీటరుతో సమానము. ఆ హీటరు ఒక ఇనుప పెట్టెలో మూయబడి యున్నదని తలచినచో మన సమస్య యేమో తెలియగలదు.

ఇటీవల విద్యార్థులలో తమ కంప్యూటరు క్యాబినెట్టులో రంగురంగుల వెలుగునిచ్చు ఫ్యానులను బిగించుకొను ముచ్చట పెరిగినది. ముచ్చట తప్పు కాదు. కాని వెలుగు వేరు, చల్లదనము వేరు. ఈ రెంటిని వేరుచేసి చూపుటయు, ఏది ముందు ఏది వెనుక యని నిర్ణయించుటయు ఈ వ్యాసము ఉద్దేశము.

గాలి లెక్క

ఒక కిలోగ్రాము గాలి ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 1000 జౌళ్ల ఉష్ణము కావలెను. 200 వాట్లనగా సెకనునకు 200 జౌళ్లు. లోనికి వచ్చిన గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి వెలుపలికి పోవలెనన్నచో, సెకనునకు 20 గ్రాముల గాలి పెట్టెగుండా ప్రవహింపవలెను. 40 డిగ్రీల వద్ద లీటరు గాలి బరువు సుమారు 1.13 గ్రాములు. అనగా సెకనునకు దాదాపు 18 లీటర్లు, నిమిషమునకు వేయి లీటర్లకు పైచిలుకు. 120 మిల్లీమీటర్ల సాధారణ ఫ్యాను అడ్డులేని చోట నిమిషమునకు పదునాలుగు వందల లీటర్ల వరకు తోయగలదు. జాలీ, వడపోత తెర, తీగల చిక్కు అడ్డుపడినప్పుడు అందులో ఎంతో తగ్గును. అందువలననే ఒక్క ఫ్యాను చాలక రెండు మూడు అవసరమగుచున్నవి.

ఇందొక సత్యము గుర్తుంచుకొనవలెను. ఫ్యాను గాలిని కదల్చునే గాని చల్లబరుపజాలదు. నిజామాబాదు జిల్లాలో మే నెలయందు ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. గదిలో 42 డిగ్రీలున్నప్పుడు పెట్టెలోని గాలి పై లెక్క చొప్పున 52 డిగ్రీలకు చేరును. ప్రాసెసరు అంతకు మించిన వేడితో నుండును. నేటి ప్రాసెసర్లలో అనేకము 95 నుండి 100 డిగ్రీల దాపునకు రాగానే ఆత్మరక్షణకై తమ వేగమును తామే తగ్గించుకొనును. వేసవిలో యంత్రము మందగించినచో వైరసు సోకినదని తలచుటకు ముందు వేడిని పరీక్షింపవలెను.

ఫ్యాను పనిచేయు తీరు

క్యాబినెట్టు ఫ్యాను 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో తిరుగును. దీనికి బ్రష్షులుండవు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావము ఆధారముగా పనిచేయు చిన్న పరికరము, తిరుగు అయస్కాంతము ఎచ్చటనున్నదో గుర్తించి తీగచుట్టలకు విద్యుత్తును మార్చి మార్చి అందించును. మూడు పిన్నుల ఫ్యానులో రెండు పిన్నులు విద్యుత్తునకు, ఒకటి వేగమును తెలుపుటకు. నాలుగు పిన్నుల దానిలో నాలుగవది వేగమును శాసించుటకు.

వేగము విషయమున భౌతికశాస్త్ర విద్యార్థులు గమనింపదగిన సూత్రమొకటి కలదు. గాలి పరిమాణము వేగమును బట్టి మారును. ఖర్చగు శక్తి వేగము యొక్క ఘనమును బట్టి మారును. వేగమును నూటికి 80 వంతులకు తగ్గించినచో గాలియు 80 వంతులగును, శక్తి మాత్రము 51 వంతులకు దిగును. శబ్దము కూడ తగ్గును. కనుక వేగముగా అరచు ఒక ఫ్యాను కంటె నెమ్మదిగా తిరుగు రెండు ఫ్యానులు మేలు.

గాలి దారి, దుమ్ము

మన ఇండ్లలో ఒక కిటికీకి ఎదురుగా మరొక కిటికీ ఉండవలెనందురు. పెట్టెకును అదే న్యాయము. ముందు వైపు నుండి చల్లని గాలి ప్రవేశించి, వెనుక నుండియు పై నుండియు వేడి గాలి వెడలవలెను. సాధారణముగా ఫ్యానులో చట్రపు పుల్లలు కనబడు వైపునకు గాలి పోవును. కొన్నిటిపై బాణపు గుర్తు కూడ ఉండును. అన్ని ఫ్యానులను లోనికే గాని, వెలుపలికే గాని తోయునట్లు బిగించుట తరచుగా జరుగు పొరపాటు.

మాక్లూరు, ఆర్మూరు ప్రాంతములలో ఇంకొక చిక్కు కలదు. జనవరి మొదలు పసుపు త్రవ్వుట, ఉడకబెట్టుట, కల్లములలో ఎండబెట్టుట, డ్రమ్ములలో తిప్పి మెరుగుపట్టుట సాగును. ఆ దినములలో గాలినిండ మట్టి, పసుపు పొట్టు కలసిన సన్నని దుమ్ము. అది ప్రాసెసరుపై నున్న అల్యూమినియపు రెక్కల నడుమ చేరి దుప్పటివలె కప్పుకొనును. దీనికి మార్గము, లోనికి తోయు గాలి వెలుపలికి లాగు గాలి కంటె కొంచెము అధికముగా నుండునట్లు చూచుట. అప్పుడు పెట్టె సందులనుండి గాలి బయటికే పోవును గాని దుమ్ము లోనికి రాదు. ప్రవేశద్వారమున మాత్రము వడపోత తెర ఉంచి, పసుపు దినములలో పక్షమునకొకసారి దులుపవలెను.

వెలుగు

ఎరుపు కాంతినిచ్చు డయోడును నిక్ హోలోన్యాక్ 1962లో రూపొందించెను. ప్రకాశవంతమగు నీలి డయోడు వచ్చుటకు మరి మూడు దశాబ్దులు పట్టెను; ఆ కృషికి అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటికి ఒక్కొక్కదానికి 256 అంచెలున్నచో, వాని కలయికవలన 1,67,77,216 వర్ణములు సిద్ధించును. ఫ్యాను అంచున కనబడు ఇంద్రధనుస్సు రహస్యమిదియే.

వీనిని కలుపునప్పుడు మిక్కిలి జాగ్రత్త వలయును. ఈ వెలుగులు రెండు తెగలు. అన్ని దీపములు ఒకే రంగున వెలుగునవి 12 వోల్టులతో, నాలుగు పిన్నులతో నుండును. ఒక్కొక్క దీపము వేరు రంగున వెలుగునవి 5 వోల్టులతో, మూడు పిన్నులతో నుండును. 5 వోల్టుల దానిని బలవంతముగా 12 వోల్టుల చోట గ్రుచ్చినచో దీపములు మాడిపోవును. మరియు మదర్‌బోర్డుపై ఒక ఫ్యాను పిన్ను సాధారణముగా ఒక ఆంపియరుకు మించి భరింపదు. అనేక ఫ్యానులను ఒక్కదానికే తగిలింపరాదు.

తీగల అమరిక

1990 ప్రాంతపు కంప్యూటర్లలో డిస్కులకు దాదాపు అయిదు సెంటీమీటర్ల వెడల్పుగల పట్టీ తీగలుండెడివి. అవి గాలికి తెరవలె అడ్డు నిలిచెడివి. 2003లో సాటా విధానము వెలువడిన పిదప సన్నని తీగలు వచ్చినవి. కాబట్టి తీగలు సర్దినంతనే వేడి ఎంతో తగ్గునని నేడు ఆశింపరాదు, తేడా స్వల్పమే. మరి ప్రయోజనమేమి? తీగ ఫ్యాను రెక్కకు తగిలి దానిని ఆపదు, దుమ్ము గూడుకట్టదు, ఏదైన చెడినప్పుడు ఏ తీగ ఎచ్చటిదో వెంటనే తెలియును.

తీగలను మదర్‌బోర్డు వెనుక రేకు చాటునుండి నడిపి, రంధ్రముల ద్వారా అవసరమైన చోటికి తీయవలెను. ప్లాస్టిక్ ట్యాగుల కంటె వెల్‌క్రో పట్టీలు మేలు, విప్పి మరల కట్టవచ్చును. బిగించి కట్టరాదు, మడతపెట్టి నలుపరాదు.

పనికి ముందు యంత్రమును ఆపి, ప్లగ్గును తీసి, లోహపు చట్రమును చేతితో తాకి దేహమందలి స్థిర విద్యుత్తును వదలించుకొనవలెను. బ్లోయరుతో దుమ్ము ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో ఆపి పట్టవలెను. లేనిచో అది మితిమీరి తిరిగి చెడును. ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ఏది ముందు?

మన విద్యార్థులలో పలువురి ఇంట కంప్యూటరు ఒక్కటే యుండును. అది పసుపు అమ్మిన సొమ్ముతోనో, గల్ఫు దేశమునుండి అన్నగారు పంపిన సొమ్ముతోనో కొన్నది. చెల్లెలి పాఠమును, తమ్ముని దరఖాస్తును దానిమీదనే. అట్టి యంత్రమున కొంత సొమ్ము వెచ్చింపదలచినచో మొదట జాలీ ముఖముగల పెట్టె, వడపోత తెర. తరువాత రెండు మంచి ఫ్యానులు. అటుపిమ్మట తీగల సర్దుబాటు, దీనికి ఖర్చు దాదాపు లేదు. వెలుగు చివరిది. ముఖమున గాజు బిగించి, లోపల దీపములు వెలిగించి, గాలి చొరని పెట్టెను కొనుట అద్దాల మేడకు కిటికీ మరచుటయే. ఉర్దూ మిత్రులకు వారి మాటలోనే చెప్పవలెనన్న, ముందు హవా, తరువాత రోషనీ.

కళాశాల కమిటీ పెద్దలకును ఒక మనవి. ప్రయోగశాలలోని యంత్రములను ఏటేట రెండు మారులు, పసుపు కాలము ముగిసిన వెంటనే ఒకసారి, వర్షములు వెనుకబడిన తరువాత ఒకసారి, విద్యార్థులచేతనే విప్పించి శుభ్రపరపించినచో యంత్రముల ఆయువు పెరుగును. అంతకంటె ముఖ్యముగా, పుస్తకమున చదివిన ఉష్ణము, విద్యుత్తు, గాలి ప్రవాహము అను పాఠములు వారి చేతికి వచ్చును. దీనికి కావలసినవి ఒక మెత్తని బ్రష్షు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పూట సమయము.