సాగరి చేతి గాజులు

తెనాలి

చిన్నితల్లీ,

నీ బొమ్మల కథ నిన్న మధ్యాహ్నం పోస్టులో అందింది. మీ నానమ్మ కవరు చించబోతే ఆగమని, లోపలి కాయితం ఎక్కడ చిరుగుతుందోనని కత్తెరతో అంచు కత్తిరించి తీశాను. రెండుసార్లు చూశాక గానీ, చివరి పేజీ అడుగున నువ్వు పెన్సిల్‌తో రాసిన మాట నా కంట పడలేదు: మీ క్లాసువాళ్ళు నీ కథలో చేతులు సాగే సాగరిని దొంగసరుకు అంటున్నారనీ, మానేయనా అనీ. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మానకు తల్లీ.

చేతులు సాగడం ఎవరి సొత్తూ కాదు. 1941లో జాక్ కోల్ గీసిన ప్లాస్టిక్ మ్యాన్ మొదట దొంగ, ఒంటి మీద యాసిడ్ పడి రబ్బరులా అయ్యాక ఓ మఠంలో సన్యాసులు చేరదీస్తే మంచివాడయ్యాడు. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్‌లో వచ్చిన రీడ్ రిచర్డ్స్ శాస్త్రవేత్త. 1997లో మొదలైన మీ లూఫీ, ఆ గడ్డిటోపీ కుర్రాడు, ఎంత తిన్నా ఆకలి తీరని ఓడదొంగ. ముగ్గురికీ చేతులు సాగుతాయి, అయినా ఒకణ్ణి చూసి ఇంకొకడనుకుంటామా? అంతదాకా ఎందుకు, సురస నోరు పెంచుతుంటే హనుమంతుడు తానూ పెరిగి పెరిగి, ఉన్నట్టుండి బొటనవేలంతై లోపలికి వెళ్ళి వచ్చేశాడని నీకు చిన్నప్పుడు ఎన్ని రాత్రులు చెప్పానో. నువ్వు ప్రతిసారీ అడిగింది ఆ పెరగడం గురించి కాదు, బయటికొచ్చాక ఆవిడకి దణ్ణం ఎందుకు పెట్టాడని.

అయితే ఒక్క మాట, కోప్పడకు. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడా, మరుసటేడే ఇంకో కంపెనీ వండర్ మ్యాన్‌ని దించింది. మామూలు బట్టల కింద దాచుకున్న దుస్తులు, ఒంటికి తగిలి ఎగిరిపోయే తూటాలు, చేత్తో నలిపేసిన తుపాకి, అన్నీ అక్కడివే. కోర్టుకెక్కారు. పదిమందికీ మేలుచేసే బలశాలి అన్న ఊహకి ఎవరూ హక్కుదారులు కారు గానీ ఆ ఊహకి ఒకరు తొడిగిన రూపాన్నీ, జరిపించిన ఘట్టాలనీ వరసగా ఎత్తుకుంటే తప్పేనని 1940లో అప్పీలు కోర్టు తేల్చింది. వండర్ మ్యాన్ కథ ఒక్క సంచికతో సరి. మన సుప్రీంకోర్టుదీ ఇదే దారి. తన నాటకాన్నే ‘న్యూఢిల్లీ’ సినిమాగా తీశారని ఆర్.జి. ఆనంద్ వేసిన దావాలో, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని 1978లో చెప్పి ఆయన అప్పీలు కొట్టేసింది. పాపం, ఆయనకి ఎంత కష్టంగా ఉండిందో.

ఇప్పుడు నీ రెండో పేజీ తీసి చూడు. ముగ్గురు స్నేహితులతో రాకెట్టెక్కి, అంతరిక్ష కిరణాలు సోకి, సాగరికి శక్తి వచ్చినట్టు గీశావు, నీలం దుస్తులు వేసి గుండెల మీద గుండ్రంలో అక్షరం పెట్టావు. ఆ పేజీ రీడ్ రిచర్డ్స్‌ది, నీది కాదు. తీసెయ్.

నేనూ ఈ పని చేసినవాణ్ణే. ఇరవై ఏళ్ళప్పుడు బాపు గీతంటే పిచ్చి, ఆయన బొమ్మల్లోని ముక్కూ జడా దించి దించి ఓ వారపత్రికకి కార్టూన్ పంపితే, సంపాదకుడు ఎర్రసిరాతో ‘మీ ఇంట్లో మనుషులెవరూ లేరా?’ అని రాసి తిప్పి పంపాడు. వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత మా నాన్న సైకిలుకి పంపు కొడుతూ ఆయాసపడే బొమ్మ గీశాను. అచ్చవలేదులే, కానీ మా అమ్మ దాన్ని బియ్యం డబ్బా మూతకి అంటించుకుంది.

నీకు ఆ మనుషులున్నారు తల్లీ. పదకొండో పేజీలో వాన వస్తుంటే నాలుగో అంతస్తు నుంచి చెయ్యి చాచి కిందింటి ముసలమ్మ బట్టలు తీసిపెడుతుంది చూడు సాగరి, ఆ రాత్రి మణికట్లు సలుపుతుంటే వాళ్ళమ్మ ఆముదం వెచ్చచేసి రాస్తుంటే నిద్రలోకి జారుకుంటుంది చూడు, అక్కడ నా కళ్ళద్దాలు మసకబారాయి, ఎందుకంటే నాలుగో తరగతిలో నువ్వు బడి నుంచి వచ్చి సంచీ కూడా దించకుండా నానమ్మ మోకాళ్ళకి రాసింది ఆ ఆముదమే. ఆ గిన్నె సొట్ట కూడా గీశావు.

నానమ్మ సున్నుండలు కడుతోంది, ఆదివారం మీ నాన్నతో పంపుతాం, హాస్టల్లో అందరికీ పెట్టు, దొంగసరుకన్నవాళ్ళకి ముందు పెట్టు. ఆవిడకో సందేహం: చెయ్యి అంత సన్నగా సాగితే సాగరి మట్టిగాజులు జారిపోవా అని. రాత్రంతా ఆలోచించినా నాకు తోచలేదు. గీసి పంపు.

మీ తాతయ్య